ఉయ్యాల దొంగల వీధి

“హిందూపురంలో నేరమనేది నన్ను చూసి రైలెక్కి పారిపోయింది. ఈడ ధర్మవరంలో దిగినట్లుండాది. భయపడొద్దు పద్మా, దాని వెనకాలే నేనూ దిగినా!”

గడపలో నిలబడి ఇలా ప్రకటించిన మహానుభావుడు వేణుగోపాల్, పద్మకు సొంత అన్న. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో బ్రోకరు. గూడు చూసి మంచిదో పుచ్చుదో చెప్పడం పొట్టకూటికి, ముఖం చూసి దొంగో దొరో చెప్పడం లోకకల్యాణానికి అంటాడు. ఎండ నిప్పులు కక్కుతున్నా ఒంటి మీద వానకోటు, కళ్లకు నల్లద్దాలు. పెనుకొండలో బావమరిది స్కూటరు పోతే పట్టుకున్న ఘనత ఆయనదే. ఆ స్కూటరును మెకానిక్ షెడ్డులో వదిలి మరిచిపోయిందీ ఆయనేనని బావమరిది ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తుంటాడు.

అన్నను పిలవడం పద్మకు సుతరామూ ఇష్టం లేదు. కానీ పోలీసుల దగ్గరికి పోయి ఉగ్గుగిన్నె పోయిందంటే నవ్వి పంపరూ?

పద్మ, అమర్‌నాథ్ ఓ ఆడపిల్లను దత్తత తెచ్చుకుంటున్నారు. కాగితాల తతంగమంతా ముగిసింది. రేపు పొద్దున అనంతపురం వెళ్లి పాపను తెచ్చుకోవడమే మిగిలింది. వెన్నెల అని పేరు కూడా అనుకున్నారు. ఆ పాప కోసం పద్మ ఎంత ఆశపడిందో, అన్ని సామాన్లు కొన్నది. తీరా చూస్తే కొన్నవన్నీ ఒక్కొక్కటే మాయం. మొదట ఉగ్గుగిన్నె, ఆ తర్వాత పాలసీసాలు, గౌన్లు, డైపర్ల మూట. ఈ పొద్దున చూస్తే ఉయ్యాలే లేదు.

అన్నకు చెప్పని సంగతి ఒకటుంది. పద్మ అనుమానం అత్త నరసమ్మ మీద. దత్తత మాట ఎత్తినప్పటి నుంచి ఆవిడ ఔననలేదు, కాదనలేదు. “మనవరాలు” అన్న మాట ఆ నోట ఒక్కసారి కూడా రాలేదు. సామాన్లు పోతున్నాయని చెబితే “ఏమోమ్మా” అని తల వంచుకుని మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టుకుంటూ కూర్చుంది. సామాన్లదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు. అవ్వకే ఇష్టం లేని ఇంటికి ఆ పసిదాన్ని ఎలా తీసుకురావడం?

“అమర్‌నాథ్ బావ యాడ?” అన్నాడు వేణుగోపాల్, గొంతు తగ్గించి.

“చీరల కొట్టుకు పోయినాడు.”

“అంటే పరారీ!”

“రోజూ పోతాడన్నా.”

“రోజూ పరారీ అయ్యేవాడే అసలు దొంగ. చూస్తాండు.”

చెప్పి, ఉయ్యాల ఉన్న చోట బోర్లా పడుకుని భూతద్దంతో నేలను వెతికాడు. ఏదో తెల్లటి పొడి కనబడింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

“మత్తుమందు! అంతర్జాతీయ ముఠా! నేననుకుంటానే ఉండా!”

“అన్నా, అది...”

అప్పటికే వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకున్నాడు. అది పిల్లలకు రాసే పౌడరు. తుమ్ములు మొదలయ్యాయి. ముఠా గుట్టు కాస్తా తుమ్ముల మధ్య కొట్టుకుపోయింది.

తేరుకుని వాకిట్లోకి వచ్చాడో లేదో, ఈసారి ఎర్రటి చుక్కలు.

“రక్తం!”

“రంగన్నా అది. అద్దకం పట్టు తడి మీదనే మోసుకపోతారు ఈడ. వీధంతా ఉంటాది.”

“రంగనుకోవల్లనే రక్తాన్ని అంత ఎర్రగా పోసినారు. వాళ్లు తెలివైనోళ్లు పద్మా. కానీ వాళ్ల ఖర్మ, నేను ఇంకా తెలివైనోణ్ణి.”

చుక్కల వెంట వంగి నడుస్తూ పోయాడు. వెనకాల పద్మ, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. చుక్కలు పోయిపోయి అదే వీధిలో ఉండే లక్ష్మక్క ఇంట్లోకి దారితీశాయి. లక్ష్మక్క మొగుడు ఓబుళప్ప లోపల గుంత మగ్గం మీద చీర నేస్తున్నాడు. నేలలో గొయ్యి తీసి, అందులో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం అది. ధర్మవరంలో పుట్టిన పసిపిల్లలకు కూడా అక్కడ గొయ్యి ఉంటుందని తెలుసు. హిందూపురం డిటెక్టివుకు తెలిసినా, మండే ఎండలోంచి చీకటి గదిలోకి నల్లద్దాలతో దూకితే ఏం కనబడుతుంది?

“ఎవరూ కదలొద్దు!” అని గర్జించి అడుగు వేశాడు.

ఎవరూ కదల్లేదు. ఆయనే కదిలాడు, నేరుగా గోతిలోకి. పడుతూ పడుతూ చేతికందిన దుప్పటి పట్టుకుని లాగాడు. మూలన దేని మీదో కప్పిన దుప్పటి అది.

“నా పోగులన్నీ తెగినాయి గదప్పా! ఎవుర్రా నువ్వు?” అని అరిచాడు ఓబుళప్ప, తన కాళ్ల మధ్య మొలిచిన తలకాయను చూసి.

పద్మ మాత్రం మూల వైపే చూస్తోంది. దుప్పటి జారిన చోట పాప ఉయ్యాల ఉంది.

“నేను ముందే చెప్పలా!” అంది గోతిలోంచి తలకాయ.

లక్ష్మక్క వంటింట్లోంచి పరుగున వచ్చి, ఉయ్యాలను చూసి, పద్మను చూసి నాలుక కరుచుకుంది.

“నన్నొక్కదాన్నే అట్ల చూడొద్దమ్మా. డైపర్లు నీలావతి ఇంట్లో ఉండాయి. ఉగ్గుగిన్నె, సీసాలు, గౌన్లు వెంకటసుబ్బమ్మ దగ్గర.”

“వీధి వీధంతా ముఠానే!” వేణుగోపాల్ గొంతు ఆనందంతో వణికింది. “నాయకుడెవరు?”

“నేనే,” అంటూ నరసమ్మ లోపలికొచ్చింది. అరుపులు విని వచ్చినట్టుంది, చేతిలో కండె అలాగే ఉంది.

పద్మకు ఇక ఆగలేదు. “అత్తా, ఆ బిడ్డంటే ఇష్టం లేకుంటే నాతోనే చెప్పొచ్చు గదా!”

నరసమ్మ తెల్లబోయింది.

“ఇష్టం లేకనా? బిడ్డ రాకముందే ఇంట్లో ఉయ్యాల పెడతారా ఎవురన్నా? నీ మొగుడు నా కడుపులో ఉన్నప్పుడు మా అత్త గుడ్డ పీలిక కూడా కొననీలేదు. దిష్టి తగుల్తాదని. నువ్వేమో ఇల్లంతా నింపుతాండావు. అందుకే తలా ఒక ఇంట్లో దాపెట్టిస్తి.”

“అది కడుపుతో ఉండేవాళ్లకు గదత్తా...”

“ఈ బిడ్డకు దిష్టి తగల్దా?” అంది నరసమ్మ. “పోయినసారి నువ్వు కడుపుతో ఉన్నప్పుడు చిన్న చిన్న గౌన్లు కొంటివి. చదువుకున్న పిల్ల, ఏమనుకుంటాదో అని నోరు మూసుకుంటి. ఏమాయె? ఈ పిల్ల మన గడప తొక్కేదాకా దాని పేరెత్తాలన్నా నాకు భయమమ్మా.”

పద్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ వద్దనుకుంటోందని అనుకున్న మనిషి, ఎవరికీ చెప్పకుండా ఆ బిడ్డ మీద కన్నతల్లంత బెంగ మోస్తోంది. వెళ్లి అత్త భుజం మీద తల పెట్టేసింది.

“కేసు ఛేదించబడింది,” అని ప్రకటించాడు వేణుగోపాల్. “ఇప్పుడు నన్నెవరన్నా పైకి లాగండి.”

మర్నాడు మధ్యాహ్నం ఆటో ఆగింది. పద్మ చంకలో వెన్నెల, కొత్త మనుషులందరినీ గుడ్లప్పగించి చూస్తోంది. నరసమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసి, పాపను తన చేతుల్లోకి తీసుకుని, గడప దాటించింది. దాటించీ దాటించగానే వెనక్కి తిరిగి, వీధంతా అదిరేలా అరిచింది.

“వచ్చేసిందమ్మో! ఇంక తీసకరాండి!”

ప్రతి వాకిలి నుంచీ ఎవరో ఒకరు బయల్దేరారు. డైపర్ల మూట నెత్తిన పెట్టుకుని నీలావతి; ఉగ్గుగిన్నె, సీసాలు, గౌన్లు కొంగులో పోసుకుని వెంకటసుబ్బమ్మ. ఉయ్యాలకు ఒక పక్క ఓబుళప్ప, ఇంకో పక్క కుంటుతూ వేణుగోపాల్. ఈ దొంగసొత్తునంతా తానొక్కడే పట్టుకున్నానని దారి పొడవునా అందరికీ చెబుతున్నాడు.

“నెమ్మదప్పా వేణూ, యాడన్నా తగిలిస్తావు!” గుమ్మంలోంచి గదమాయించింది నరసమ్మ, పాపను భుజానికి హత్తుకుంటూ. “నా మనవరాలి ఉయ్యాల అది!”