రొట్టెకు అరవై అడుగులు

పుష్పకు దయ్యాలంటే భయం లేదు, పాములంటే భయం లేదు. ఉన్నది ఒక్కటే భయం. తనవాళ్ళు ఎవరైనా ఏ మూలనో కుప్పకూలి పడిపోతే, ఆ సంగతి తనకు తెలియకపోవడం. పాప ఇందు నిద్రపోతుంటే గంటకోసారి ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. పాప ఒకసారి తుమ్మితే తలకు నూనె, రెండోసారి తుమ్మితే ఆదోని డాక్టరు. మొగుడు మారుతి ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోనికి పోయి పత్తి జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. మధ్యాహ్నం అతను ఫోను ఎత్తకపోతే ఆమెకు అన్నం దిగదు. తొమ్మిదో తరగతిలో చదువు ఆపించారు గానీ, చదివించి ఉంటే భయపడడంలో జిల్లాకే మొదటి ర్యాంకు తెచ్చేదని మారుతి అంటాడు.

రెండు నెలల కిందట ఆ భయానికి సాక్ష్యం కూడా దొరికింది. అత్త హులిగెమ్మ ఇంటి ముందు రేకుల పంచలో జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. ఒకరోజు పొయ్యి ముందే కళ్ళు తిరిగి గోడకు ఒరిగిపోయింది. పెరట్లో బట్టలు ఉతుకుతున్న పుష్ప మాడు వాసనకు పరుగెత్తుకొచ్చేసరికి పెనం మీది రొట్టె బొగ్గయింది. హులిగెమ్మ తేరుకుని, నీళ్ళు తాగి, ఆ బొగ్గు వైపు చూసి "అయ్యో, పిండి దండగాయ" అంది. ఆమెకు అంతటితో అయిపోయింది. పుష్పకు అప్పుడే మొదలైంది.

సరిగ్గా ఆ సమయంలోనే మిల్లు యజమాని బాలకృష్ణయ్య కొత్త చేతిగడియారం కొనుక్కుని, పాతదాన్ని మారుతికి ఇచ్చాడు. అది మనిషి వేసే అడుగులు లెక్కపెడుతుంది. నాడి చూస్తుంది. కట్టుకున్న మనిషి కింద పడితే, ఇంట్లో ఉన్న ఫోను గుండా అయినవాళ్ళందరికీ కబురు పంపుతుంది. ఈ మూడో మాట చెవిన పడగానే పుష్ప దాన్ని కళ్ళకద్దుకుంది.

హులిగెమ్మ మాత్రం మూతి తిప్పింది. "నా పాణం సంగతి నాకు తెలీదా? సేతికి కట్టినదానికి తెలుస్తాదా?"

"మొన్న పొయ్యికాడ నీకు తెలిసిందా అత్తా?"

హులిగెమ్మ ఎడమ చెయ్యి చాచింది. ఆ చేతినిండా పచ్చబొట్టు. బాలకృష్ణయ్య ఏదో పెళ్ళికి ఎమ్మిగనూరు వచ్చినప్పుడు ఇంటికొచ్చి మరీ సరిచేశాడు. "పచ్చబొట్టు మీద కడితే దీనికి నాడి కనపడదమ్మా. కుడిసేతికి కట్టు. కబురు పోయేదాంట్లో నా నంబరు గూడా ఏస్తాండా. మనలో కారుండేది నాకొక్కనికే గదా."

కుడిచేతికి మార్చిన మొదటి రోజు సాయంత్రం పుష్ప ఫోను చూసి నోరు తెరిచింది. అత్త పదకొండు వేల అడుగులు నడిచింది! పొద్దున పీట ముందు కూర్చున్న మనిషి మధ్యాహ్నం దాకా లేచిందే లేదు. ఆదోనిలో తెల్లవారుజామునే మైదానం చుట్టూ తిరిగినా ఐదు వేలు దాటని బాలకృష్ణయ్య ఈ సంగతి మారుతి ద్వారా తెలుసుకుని ఫోను చేశాడు.

"మీ అత్త యాడ నడుస్తాది తల్లీ?"

"యాడికీ పోదు సావుకారీ. రొట్టెలు సేస్తాది."

"అట్లనా! రొట్టెల్లోనే ఉంది బలమంతా." ఆనాటి నుంచి సావుకారి ఇంట్లో సాయంత్రం అన్నం మానేశారు.

నాలుగో రోజు పుష్ప అత్త పక్కనే కూర్చుని కనిపెట్టింది. ఒక్కో రొట్టెకు హులిగెమ్మ అరచెయ్యి పీట మీద అరవైసార్లు పడుతుంది. గడియారం వాటిని అరవై అడుగులుగా రాసుకుంటోంది. ఈ రహస్యాన్ని పుష్ప ఎవరికీ చెప్పలేదు. అడుగులు ఎవరికి కావాలి? పడినప్పుడు చెబితే చాలు.

ఒక మంగళవారం ఇందు రెండోసారి తుమ్మింది. ఏడు గంటల బస్సుకు మారుతితో పాటే ఆదోని పోయి, డాక్టరుకు చూపించి, మధ్యాహ్నానికి తిరిగి రావాలన్నది పుష్ప పథకం. హులిగెమ్మకు దేవనకొండ పెళ్ళివాళ్ళు మూడు వందల రొట్టెలు చెప్పి ఉన్నారు.

"అత్తా, గడియారం ఇప్పొద్దు."

"ఇప్పనులే పోయిరా. బిడ్డకు టోపీ పెట్టు. లేకుంటే మూడోసారి తుమ్మితే కర్నూలుకు పోతావు నువ్వు."

పదీ పదికి, డాక్టరు గది బయట వరుసలో ఉండగా, పుష్ప ఫోను అంబులెన్సు కూతలాంటి కూత పెట్టింది. తెర మీద ఎర్రటి అక్షరాలు. 'హులిగెమ్మ గట్టిగా పడిపోయారు. కదలిక లేదు. నాడి అందడం లేదు.'

పుష్ప ఇంటి ఫోనుకు పదిహేడుసార్లు చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు. పాప నిద్ర చెడుతుందని ఆ ఫోను గొంతు నొక్కి పెట్టింది పుష్పే. ఆ సంగతి గుర్తొచ్చేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే పక్కింటి ఆటో బసవరాజుకు ఫోను చేసింది. "అన్నా... మా అత్త... పడిపోయి... నాడి గూడా లేదంట..." తక్కినదంతా వెక్కిళ్ళే.

అప్పటికే అదే కబురు అందుకున్న మారుతి 108కు ఫోను చేస్తే, బండి వేరే కేసు మీద పోయింది, రావడం ఆలస్యమవుతుందన్నారు. బాలకృష్ణయ్య మిల్లులో యంత్రాలు ఆపించి, మారుతిని ఎక్కించుకుని, ఆసుపత్రి ముందు పుష్పనూ పాపనూ ఎక్కించుకుని కారును ఎమ్మిగనూరు దారి పట్టించాడు. దారి పొడవునా ఆయన "పదకొండు వేల అడుగులు నడిచే మనిషి!" అంటూనే ఉన్నాడు.

ఎమ్మిగనూరులో ఏం జరిగిందో పుష్పకు తర్వాత తెలిసింది గానీ, మీకు ముందే తెలిస్తే నష్టం లేదు. నూట నలభయ్యో రొట్టె తడుతుండగా, సావుకారి లావు చేతికి అలవాటుపడిన ఆ పట్టీ తడికి జారి, గడియారం ఎగిరిపోయి గోడకు కొట్టుకుని కట్టెల మోపు వెనక పడింది. పడి, తన ధర్మం తాను నెరవేర్చింది. గట్టిగా పడినమాట నిజం, కదలనిమాట నిజం, నాడి లేనిమాట నిజం. పడింది మనిషి కాదు, తనేనన్న ఒక్క సంగతే దానికి తెలియదు. హులిగెమ్మ అటూ ఇటూ చూసి, "పెళ్ళోళ్ళ రొట్టెలు కానీ, మెల్లిగా ఎతుకుదాం" అనుకుని మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది.

బసవరాజు అప్పుడు మంత్రాలయంలో ఉన్నాడు, ఆటోలో కిరాయివాళ్ళు. పోయిన నెల వాళ్ళ వీధిలో ఒక పెద్దాయన పోతే, పెళ్ళిళ్ళ కాలమని ఊళ్ళో టెంటు దొరక్క శవాన్ని ఎండలో పెట్టారు. అది గుర్తుంది అతనికి. పుష్ప ఏడుపును బట్టి విషయం అర్థం చేసుకుని, మొట్టమొదట టెంటు హౌస్‌కు ఫోను చేశాడు.

అరగంటలో గుంజలు దిగాయి. "హులిగెమ్మ ఇల్లు ఇదేనా? టెంటు ఏసేకి బసవరాజన్న సెప్పినాడు."

పోయిన వారమే హులిగెమ్మ ఎండ గురించి మొత్తుకుంటే, నీడకు ఏదైనా వేయిస్తానని బసవరాజు మాట ఇచ్చి ఉన్నాడు. "మాట నిలబెట్టుకున్నాడప్పా! ఆ గుంజ రవ్వంత అటు జరపండి, పొగ పోవల్ల" అని దగ్గరుండి వేయించుకుంది. కుర్చీలు కూడా వచ్చేసరికి బసవరాజును నోరారా దీవించింది.

పెళ్ళి లేని ఇంటికి టెంటు వేశారంటే చావేనని వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, తల వంచుకుని కూర్చున్నారు. హులిగెమ్మ కళ్ళెదుటే ఉంది. మరి పోయిందెవరు? పొద్దున చంటిపాపను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తిన కోడలు అందరికీ గుర్తొచ్చింది. చావింట్లో ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు. పైగా హులిగెమ్మ ఆగకుండా రొట్టెలు తడుతోంది.

"పాపం, దుఃఖంతో మతి సెడింది" అంది ఒకామె.

"ఏడ్పించండమ్మే. ఏడవకుంటే గుండె పగులుతాది" అంది ఇంకొకామె.

ఇద్దరు ఆడవాళ్ళు పోయి హులిగెమ్మను పట్టుకుని గొల్లుమన్నారు. ఆమె బెదిరిపోయి, ఆకలేమోనని చెరొక రొట్టె చేతిలో పెట్టి పైన వేరుశనక్కాయల పొడి వేసింది. మతి చెడిన మనిషిని నొప్పించకూడదని వాళ్ళు ఏడుస్తూనే తిన్నారు. తక్కినవాళ్ళకూ పెట్టింది. అందరూ కన్నీళ్ళతో తిన్నారు. ఇంకొంచెం పొడి అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

కారు వీధి మలుపు తిరిగింది. టెంటు కనిపించింది, కుర్చీలు కనిపించాయి, కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళు కనిపించారు. పుష్ప కారు ఆగకముందే తలుపు తీసింది. బాలకృష్ణయ్య చెప్పులు కారులోనే విడిచి దిగాడు. మారుతి "అమ్మా!" అని గావుకేక పెట్టాడు.

"ఏమిరా, ఇంత తొందరగా వచ్చినావు? మిల్లు లేదా?" అంది టెంటు లోపలి నుంచి అమ్మ.

పుష్ప కుర్చీలు తోసుకుంటూ పోయి, అత్త భుజం పట్టుకుని, ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఆ వెనకే కూత పెట్టుకుంటూ 108 బండి వచ్చి ఆగింది. కొడుకు, సావుకారు, బండి దిగుతున్న యూనిఫాం మనుషులు, అందరినీ ఒకేసారి చూసిన హులిగెమ్మ పిండి చేతులు జోడించింది.

"తప్పు నాదే సావుకారీ. మీ గడియారం యాడ పడిందో కనపడల్యా. కట్టెల్లో ఎతకనిస్తే దొరుకుతాది. అంతమాత్రానికే పోలీసుల్ని పిలుచుకొస్తారా అప్పా?"

కట్టెల వెనక గడియారం దొరికింది. విషయం అందరికీ అర్థమైంది. అర్థమయ్యాక మొదలయ్యాయి మాటలు. "ఉత్తుత్త ఫోన్లకు బండి తిప్పితే నిజంగా పాణం పోయేవాళ్ళ గతేంది?" అన్నాడు 108 డ్రైవరు. "నా మిల్లు ఆపించినారు గదమ్మా" అన్నాడు బాలకృష్ణయ్య. నిక్షేపంగా ఉన్న పాపకోసం ఏడ్చినందుకు వీధివాళ్ళకు సిగ్గు, తిన్నందుకు ఇంకా సిగ్గు. అప్పుడే ఆటో దిగిన బసవరాజు బతికున్న హులిగెమ్మను చూసి మళ్ళీ ఆటో ఎక్కబోయాడు.

మారుతి గడియారాన్ని పుష్ప చేతిలోంచి లాక్కున్నాడు. "ఇది సావుకారికి ఇచ్చేస్తాండా. దీంతో పాటు నీ భయాన్ని గూడా పంపించు. నలుగురిలో తల ఎత్తుకోకుండా సేసినావు."

పుష్ప కళ్ళు కుర్చీల వెంట పోతున్నాయి. భయస్తురాలికి ఎక్కడ నలుగురు చేరినా లెక్కపెట్టుకునే అలవాటు ఉంటుంది. ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకు లెక్కపెట్టింది.

"కృపమ్మ యాడ?" అంది.

వీధి చివరి గదిలో ఒంటరిగా ఉండే కృపమ్మ, ఏ కులం, ఏ మతం అని చూడకుండా, ఎవరింట కష్టం వచ్చినా అందరికంటే ముందు వచ్చి కూర్చుంటుంది. టెంటు గుంజ పాతే చప్పుడు వింటే చాలు, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని బయలుదేరే మనిషి.

"సర్చికి పోయింటాది" అన్నారెవరో.

"మంగళవారం సర్చి యాడిది?" అంది పుష్ప.

"మళ్ళా మొదలుపెట్టినావా?" అన్నాడు మారుతి.

"టెంటేసి గంటయిందంట. కృపమ్మ రాలేదంటే కృపమ్మకే ఏదో అయింది" అని, పాపను చంకకెత్తుకుని పుష్ప నడిచింది. ఎవరూ కదల్లేదు. హులిగెమ్మ ఒక్కతే పిండి చేతులతోనే కోడలి వెనక బయలుదేరింది. దాంతో సిగ్గుపడి అందరూ లేచారు.

తలుపు లోపల గడియ వేసి ఉంది. పుష్ప పిలిచింది, తట్టింది, చెవి ఆనించి వింది. లోపల ఎక్కడో గ్లాసుతో బండ మీద కొడుతున్న చప్పుడు. టంగ్. చాలాసేపటికి మళ్ళీ టంగ్.

"పగలగొట్టన్నా!" అని పుష్ప పెట్టిన కేకకు బసవరాజు భుజం తలుపు మీద పడింది. లోపల స్నానాల గది గడప మీద కృపమ్మ. తెల్లవారుజామున జారి పడి, తుంటి విరిగి, అరిచి అరిచి గొంతు పోయి, చేతికందిన గ్లాసుతో కొడుతూ ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. 108 డ్రైవరు ఈసారి ఏమీ అనకుండా స్ట్రెచరు తెచ్చాడు. ఎక్కిస్తూ మాత్రం, "ఇంకో గంట పోయింటే మేము వచ్చినా లాభం లేదమ్మా" అన్నాడు, నేరుగా పుష్పతోనే.

స్ట్రెచరు టెంటు ముందు నుంచి పోతుంటే కృపమ్మ కళ్ళు తెరిచింది. టెంటును చూసింది, కుర్చీలను చూసింది, వెంట వస్తున్న వీధినంతా చూసింది.

"నేనింకా పోలేదు కదమ్మే" అంది పీలగొంతుతో. "అంత తొందరేమొచ్చె మీకు?"

పొద్దుటి నుంచి ఏడుస్తున్న వీధి అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కొందరు మళ్ళీ ఏడ్చారు.

బండి వెళ్ళిపోయాక బాలకృష్ణయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏమైనా, నా గడియారం గొప్పది."

"గడియారానికి తెలిసింది అది పడిన సంగతి సావుకారీ" అంది హులిగెమ్మ. "మనిషి పడిన సంగతి తెలిసింది మా కోడలికి." అని, ఆ వీధి వీధంతా చూస్తుండగా, పిండి చెయ్యి పుష్ప తల మీద పెట్టింది. మారుతి గడియారాన్ని మెల్లిగా పుష్ప చేతిలో పెట్టేశాడు. నెత్తి మీది పిండిని పుష్ప సాయంత్రం దాకా దులుపుకోలేదు.

కర్నూలులో కృపమ్మకు ఆపరేషన్ జరిగింది. నెలన్నరకు చేతికర్రతో తిరిగి వచ్చి, తన తలుపుకు లోపలి గడియ పీకించేసింది. పుష్ప ఇప్పుడు రోజూ పొద్దున పాపను ఎత్తుకుని వీధి మొత్తం ఒక చుట్టు చుట్టి వస్తుంది. మారుతి అడ్డు చెప్పడు. ఏ ఇల్లయినా మరిచిపోతే తనే గుర్తు చేస్తాడు.

ఇది చదువుతున్నవాళ్ళకు ఒక మనవి. మీ వీధిలో కూడా ఒంటరిగా ఉండే మనిషి ఒకరు ఉంటారు. రెండు రోజులుగా కనిపించకపోతే, దీన్ని పక్కన పెట్టి పోయి ఒకసారి తలుపు తట్టండి. తలుపు తీసి, "నీకేం పనీ పాటా లేదా?" అని కసురుకున్నారంటే, మనిషి నిక్షేపంగా ఉన్నట్టే.