తొంభై రెండు శాతం హిందీ

ఆదివారం పొద్దున ఏలూరు పవర్‌పేటలో రామచంద్రమూర్తి గారింటికి భోపాల్ నుంచి చుట్టాలు దిగారు. ఆయన కూతురు గౌతమి పెళ్లాడతానంటున్న నితిన్, అతని తల్లిదండ్రులు. భోజనంలోకి పనసపొట్టు కూర, బొబ్బట్లు. ఇరువైపులా మాటలు విప్పిచెప్పే పని గౌతమిది.

"నువ్వూ నితినూ ఆటపాక వెళ్లి కొల్లేటి పక్షుల్ని చూసి రండమ్మా. ఇక్కడ మాటల సంగతి నేను చూసుకుంటాను," అన్నారు మూర్తిగారు.

ఆయన మూడు నెలలుగా ఫోన్‌లో హిందీ నేర్చుకుంటున్నారు. తొంభై రెండు శాతం వచ్చేసిందని ఫోనే చెప్పింది. మిగతా ఎనిమిదీ హిందీవాళ్లకి మాత్రం వచ్చా అని ఆయన అభిప్రాయం.

"ఏవండీ, మొన్న కస్టమర్ కేర్ అమ్మాయి మీ హిందీ విని ఫోన్ పెట్టేసిందండీ," అంది భార్య సీతారావమ్మ.

"నా స్పీడు అందుకోలేకపోయింది."

పిల్లలు కారెక్కగానే నితిన్ తండ్రి తివారీగారు గొంతు సవరించుకున్నారు. కాబోయే కోడలి కోసం ఆయనా రహస్యంగా తెలుగు నేర్చుకున్నారు. రాని మాట దగ్గర హిందీ మాట వేస్తే సరి, రెండూ సంస్కృతమేగా అని ఆయన ధీమా.

"అమ్మాయికి శిక్ష ఎక్కడ ఇచ్చారు?" అన్నారు. చదువు ఎక్కడ చెప్పించారని ఆయన ఉద్దేశం.

మూర్తిగారి ముఖం కందిపోయింది. ఒక్కగానొక్క పిల్లని దండించడమా!

"హమ్ బేటీ కో కభీ శిక్షా నహీ దియా! ఏక్ దిన్ భీ నహీ!"

తివారీగారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. ఒక్కరోజు కూడా చదివించలేదట! మరి ఇంజనీరునని చెప్పిందే?

"చిన్నప్పుడు కూడా శిక్ష లేదు?"

"ఉస్‌కీ మా దేనా చాహ్‌తీ థీ. మై రోకా!"

తల్లి చదివిస్తానంటే ఈయనే అడ్డుపడ్డారట! తివారీగారి భార్య లేచి వెళ్లి, సీతారావమ్మ చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎందుకో తెలియక సీతారావమ్మ ఆవిడకి ఒక బొబ్బట్టు పెట్టింది.

తివారీగారు పెద్దమనసు చేసుకున్నారు. "పరవాలేదు. పెళ్లి తరవాత మా ఇంట్లో రోజూ శిక్ష ఇస్తాం. నేనే స్వయంగా ఇస్తాను!"

మూర్తిగారు దిగ్గున లేచారు. "సంబంధం కేన్సిల్!"

ఆ పూట ఇద్దరికీ సరిగ్గా అర్థమైన మాట అదొక్కటే. తివారీగారు పెట్టె సర్దుకున్నారు. మూర్తిగారు కూతురికి ఫోన్ చేసి, "వాళ్లింట్లో కోడళ్లని కొడతారట, వెనక్కి వచ్చెయ్!" అని అరిచారు.

సగం దారిలో వెనుదిరిగి వచ్చిన గౌతమి ఎవరేమన్నారో విని గడపలోనే తల పట్టుకుంది. "హిందీలో శిక్షా అంటే చదువు నాన్నా!"

పెద్దమనుషులిద్దరూ గోడ వైపు చూశారు. ఆడవాళ్లిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. మధ్యాహ్నం విస్తళ్ల ముందే సంబంధం ఖాయమైంది.

సాయంత్రం వియ్యాలవారిని రైలెక్కించి వచ్చి మూర్తిగారు నిట్టూర్చారు. "ఆయన తెలుగంటే సరేనే, కొత్త. పాపం, హిందీ కూడా అంతంతమాత్రమే. నేను అంత చక్కగా మాట్లాడితే ఒక్క ముక్క అర్థం చేసుకోలేకపోయాడు!"

అదే సమయానికి రైల్లో తివారీగారు, వియ్యంకుడికి తెలుగు నేర్పే మాస్టారు ఎవరైనా ఏలూరులో దొరుకుతారా అని కొడుకుని అడుగుతున్నారు.