నాలుగు పట్టాల వంతెన

నందిగామకు రైలు లేదు. ఆ లోటు తన ఇంట్లోనైనా తీర్చాలని కుటుంబరావు కంకణం కట్టుకున్నాడు. దసరా బొమ్మల కొలువు మంచి సాకుగా దొరికింది.

"కొలువులో కృష్ణ మీద వంతెన కట్టి, కీ ఇచ్చే రైలు నడిపిస్తానే!" అన్నాడు భార్యతో.

"ఆడుకోవాలనుందని చెప్పొచ్చుగా?" అంది అహల్య.

"నిరుడు జగ్గయ్యపేటలో భారతీదేవిగారి కొలువు చూసొచ్చి, మనకి ఫౌంటెన్ లేదని అలిగిందెవరో?"

అహల్య మెత్తబడింది. "సరే. రైలు నడవకపోతే మాత్రం వచ్చే ఏడు కొలువు ఛాయలకి రాకండి."

స్టీలు బేసిన్లో నీళ్లు పోస్తే కృష్ణానది అయింది. దాని మీద చెక్క వేసి, అగ్గిపుల్లల తలలు తుంచి స్లీపర్లు పరిచాడు. సైకిలు చువ్వలు కోసి పట్టాలు అతికించాడు. అసలు వంతెన మీద రెండు పట్టాల మధ్య ఇంకో రెండుంటాయని విజయవాడలో కళ్లారా చూశాడు కనక, నాలుగూ వేశాడు. చూపుకు బాగుంటుందని సమానమైన ఎడంలో వేశాడు.

"ఇందులో రైలు దేని మీద పోతుందండీ?"

"బయటివాటి మీద. కాదు, లోపలి... ఉండు, చెప్తా."

"మిగతా రెండూ ఎందుకు?"

"రైలు పడిపోకుండా."

కీ తిప్పి వదిలాడు. రైలుకూ అదే సందేహం వచ్చినట్టుంది. ఒక చక్రం బయటి పట్టా, ఇంకోటి లోపలి పట్టా ఎక్కి, బుడుంగున కృష్ణలో పడింది. కీ బిగుసుకుపోయింది. కుటుంబరావుకు ఏడుపొక్కటే తక్కువ. పేరంటాళ్లు వచ్చే వేళయింది.

దీపం వెలిగిద్దామని అహల్య అగ్గిపెట్టె తెరిచింది. ఏ పుల్లకీ తల లేదు.

"వంతెన సంగతి నేను చూస్తాగానీ, పక్కింటి రత్నమణిగారినడిగి అగ్గిపెట్టె పట్రండి!"

తడి రైలును లాల్చీ జేబులో దాచుకుని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఇల్లంతా నవ్వులు. వంతెన పక్కన పెళ్లికొడుకూ పెళ్లికూతురూ బొమ్మలు నిలబడి ఉన్నాయి. వాటి ముందు ఖాళీ అగ్గిపెట్టెలే ట్రంకుపెట్టెలు. వెనక 'నందిగామ స్టేషన్' అని అట్టముక్క.

"రైలేదమ్మా?" అంటోంది జగ్గయ్యపేట నించి పేరంటానికొచ్చిన భారతీదేవి.

"మేం పుట్టినప్పట్నించీ దానికోసమే చూస్తున్నామండీ," అంది అహల్య.

"మా పేటకి గూడ్సన్నా వస్తుంది పాపం! ఎంత బాగా ఆలోచించారండీ కుటుంబరావుగారూ! మా ఫౌంటెన్ దీని ముందు ఏపాటిది?"

తనేం ఆలోచించాడో కుటుంబరావుకు అంతుపట్టలేదు. "ఆ... అంటే... మొదట్నించీ నా ఉద్దేశం అదేనండీ," అన్నాడు.

సరిగ్గా అప్పుడే బిగిసిన కీ వదులైంది. లాల్చీ జేబు గిర్రుమంటూ గింజుకుంది.

అందరూ అటు తిరిగారు. అహల్య మాత్రం తలెత్తకుండా శనగలు పంచుతూ అంది.

"వచ్చినట్టుంది. వెళ్లి ఎక్కండి."