పూర్తి పేరు పలికాకే లాగాలి

వచ్చే శనివారం చర్చి వాళ్ళ చేపల పోటీ. ఈసారి ఎలాగైనా గోడ ఎక్కాలని డెల్మర్ హాబ్స్ పొద్దున్నే అనుకుని, కాఫీకి పర్విస్ కొట్టుకు బయలుదేరాడు. గోడ అంటే ఆ కొట్టు గోడే. అలబామాలో, చెరువు రేవు పక్కన, ఎరలూ ఐసూ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలూ అమ్మే కొట్టు. పోటీలో గెలిచినవాళ్ళ ఫోటో అక్కడ మేకుకు తగిలిస్తారు. ఫోటో కింద పట్టినవాళ్ళ పేరు, దాని కింద ఏ ఎరతో పట్టారో రాస్తారు. డెల్మర్ బావమరిది ఓటిస్ ఫోటోలు అక్కడ వరసగా ఉన్నాయి. అందుకే డెల్మర్ ఎప్పుడూ గోడకు వీపు పెట్టి కాఫీ తాగేవాడు.

అతనికి చేపలు రాక కాదు. వచ్చినవి నిలవక. నీటి మీద తేలే కొయ్య ఎర విసిరి, గెంతిస్తూ లాక్కునేవాడు. బాస్ చేప అడుగునుంచి వచ్చి దాన్ని ఫెడీమని కొట్టేది. ఆ చప్పుడుకి డెల్మర్ ఉలిక్కిపడి గాలపు కర్ర గుంజేవాడు. చేప నోట్లో ఉండాల్సిన ఎర గాల్లో ఎగిరొచ్చి అతని టోపీలో దిగేది. టోపీకి చిల్లులు పడ్డాయి గాని చేపకు పడలేదు. ఎర చిన్నది చేసి చూశాడు. తోక కొక్కేనికి కోడి ఈక కట్టి చూశాడు. చేపలు ఆ ఈకను ఓ దెబ్బ కొట్టి తమ దారిన తాము పోయాయి.

“తప్పు ఎరది కాదు, నీది,” అన్నాడు పర్విస్, వేరుశెనక్కాయ ఒలుచుకుంటూ. “చేప ముందు కొడుతుంది. తరవాత తినడానికొస్తుంది. నువ్వు వడ్డించిన విస్తరి లాగేస్తుంటే అదేం తింటుంది?”

“చప్పుడైతే చెయ్యి ఆగదు పర్విస్. నేనేం చెయ్యను?”

“చప్పుడు కాగానే నీ పెళ్ళాం పేరు మొత్తం పలుకు. అది పూర్తయ్యేదాకా ఎరను కదిలించకు. బరువు చేతికి తగిలాక లాగు. పైకే అనాలి సుమా. మనసులో అనుకుంటే సగం మింగేస్తావు.”

“ఈ సంగతి ఓటిస్‌కి చెప్పకు.”

“నాకెందుకు చెప్పు.”

ఆ సాయంత్రమే డెల్మర్ ప్రయత్నించాడు. చేప కొట్టింది. “ఫే హాబ్స్!” అని గుంజాడు. ఎర టోపీలోకి వచ్చింది. భార్య మంచిదే. పేరే చేప నోరు మూసేలోపు అయిపోయేంత పొట్టిది.

మర్నాడు ఆదివారం. చర్చిలో డెల్మర్ కునికిపాట్లు పడుతుండగా పాస్టరు లేచి అన్నాడు: “ఇప్పుడు శ్రీమతి విల్‌హెల్మీనా జోసెఫీన్ బ్రెకెన్‌రిడ్జ్ గారు పాట పాడిస్తారు.” పాస్టరు నిదానస్థుడు. ఆ పేరు మొదలుపెట్టి ముగించేలోపు ఒకాయన రెండుసార్లు దగ్గి, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. డెల్మర్ నిద్ర వదిలింది. కళ్ళు వెలిగాయి. పేరు ముగియగానే అతని కుడిచెయ్యి దానంతటదే లేచి గాలిని గుంజింది. మొహం నిండా నవ్వు.

పక్కన ఫే చూసింది. ముందు మొగుడి మొహం, తరవాత పాట పాడించే ఆవిడ మొహం. ఆవిడ మొగుడు పోయి చాలాకాలమైంది. మనిషి ఇంకా కళగానే ఉంటుంది.

సోమవారం చెరువంతా పొగమంచు. పడవ ముందుభాగం పడవ వెనకవాడికి కనపడదు. డెల్మర్ ఎర విసిరాడు. ఫెడేలుమంది. “విల్‌హెల్మీనా... జోసెఫీన్... బ్రెకెన్‌రిడ్జ్!” అని గొంతెత్తి పలికి, కర్ర వెనక్కి తీశాడు. బరువు తగిలింది. జన్మలో మొదటిసారి టోపీ క్షేమంగా ఉంది.

“వచ్చావా తల్లీ!” అన్నాడు చేపను ఎత్తుకుంటూ. “ఎన్నేళ్ళు ఏడిపించావే! అబ్బో, ఎంత బొద్దుగా ఉన్నావో. ఒక్క ముద్దిచ్చి పంపిస్తా. శనివారం మళ్ళీ రావాలి మరి.”

ఇదంతా మంచు అవతల పడవలో కూర్చుని ఓటిస్ విన్నాడు. అతను ఎర కూడా పెట్టెలో పెట్టుకోకుండా తెడ్డేసుకుని సరాసరి అక్క ఇంటికి వెళ్ళాడు.

“అక్కా, నువ్వు ముందు కూర్చో,” అన్నాడు.

“కూర్చునే ఉన్నాగా. నిలబడింది నువ్వు.”

ఓటిస్ కూర్చుని చెప్పాడు. ఫే పొయ్యి మీద జావ మాడిపోయేదాకా విన్నది.

డెల్మర్ ఈల వేసుకుంటూ వచ్చాడు. మాడిన జావ వెన్న లేకుండా అతని ముందు పడింది.

“ఏం పట్టావు?”

“మంచిదే పట్టాను.”

“ఏదీ?”

“వదిలేశాను. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా మీ తమ్ముడికి. ఒక ఉపాయం దొరికింది. శనివారం అంతా నీకే తెలుస్తుంది.”

ఫే గిన్నెలు కడిగింది. ఆ చప్పుడు రోడ్డు దాకా వినపడింది.

డెల్మర్ రోజూ పొద్దున్నే పేరు పిలుస్తూనే ఉన్నాడు. నీళ్ళ మీద గొంతు దూరం పోతుంది. గురువారానికి ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ ఆ పేరు నోటికి వచ్చేసింది. పాస్టరు గారు ఇంటికి వచ్చి, వరండాలో ఐసు వేసిన తీపి టీ తాగి, గొంతు సవరించుకున్నాడు.

“డెల్మర్, పొద్దున్నపూట చెరువులో నువ్వు చేసే పని గురించి నలుగురూ అనుకుంటున్నారు.”

ఈయన కూడా పోటీలో ఉన్నాడని డెల్మర్‌కు గుర్తొచ్చింది. కూపీ లాగడానికే వచ్చాడనుకున్నాడు.

“అనుకోనివ్వండి. అందరూ చేస్తే నాకేం మిగులుతుంది?”

పాస్టరు టీ కింద పెట్టాడు. “ఎన్నాళ్ళ నుంచి?”

“మొన్న చర్చిలోనే మొదలైంది. మీరు ఆవిడ పేరు పలికినప్పుడు. మీ చలవే అనుకోండి.”

“మానెయ్యలేవా?”

“శనివారం గెలిచాక మానేస్తా.”

పాస్టరు తలుపు దగ్గర ఫే చెయ్యి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుని, టోపీ మరిచిపోయి వెళ్ళిపోయాడు.

శనివారం డెల్మర్ పడవ విప్పేసరికి అందులో ఫే కూర్చుని ఉంది. చర్చికి వేసుకునే గౌను, ఒళ్ళో చేతిసంచి.

“నువ్వెందుకే? ఎండ.”

“నేనూ పోటీకి పేరిచ్చాను. పద.”

పడవ నెట్టేలోపు విల్‌హెల్మీనా గారు పీకన్ గింజలు వేసి కాల్చిన ‘పై’ అనే తీపి వంటకం పళ్ళెంలో పట్టుకుని రేవులోకి వచ్చింది. “డెల్మర్ గారూ, మీరు పిలుస్తున్నట్టు అందరూ చెప్పారు. తిరిగొచ్చాక మనం ఒక మాట మాట్లాడుకోవాలి,” అని నవ్వింది. డెల్మర్ అయోమయంగా తల ఊపాడు. ఫే చేతిసంచి పట్టీ పుటుక్కున తెగింది.

అప్పటికి డెల్మర్‌కు సంగతి కొద్దికొద్దిగా బోధపడింది. ఇక ఆ పేరు నోటివెంట ఎలా వస్తుంది? చేప కొట్టింది. పెదవులు బిగించి గుంజాడు. ఎర టోపీలో దిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ టోపీ. కాస్త దూరాన ఓటిస్ ఒక పెద్దదాన్ని లాగి, “బావా, గోడకి ఇంకో మేకు కొట్టమందామా?” అని అరిచాడు.

ఎండ ఎక్కింది. రేవులో పోటీ ముగింపు గంట కొట్టే వేళయింది. డెల్మర్ ఆఖరిసారి ఎర విసిరాడు. నీళ్ళు బావిలో బండ పడ్డట్టు లేచాయి. అంత చప్పుడు అతనెన్నడూ వినలేదు. అలవాటైన నోరు ఆగలేదు.

“విల్—”

“అను! పూర్తిగా అను!” ఫే లేచి నిలబడింది. పడవ ఊగింది. “నా పక్కన కూర్చుని, నేను కాల్చిన మొక్కజొన్న రొట్టె తింటూ, ఆ పొడుగుపేరుదాన్ని పిలుస్తావా? ఆ టోపీ చిల్లులు కుట్టిందెవరు? మీ అమ్మ మంచాన పడితే ఒళ్ళు తుడిచిందెవరు? చేపల కంపు కొట్టే చొక్కాలు ఉతికిందెవరు, విల్‌హెల్మీనానా?”

“ఒట్టు! అది పేరు కాదే, ఆలస్యం!” డెల్మర్ ఒట్టు వెయ్యడానికి కర్ర వదిలి చెయ్యెత్తాడు.

“ఆలస్యమా? అవును, నాకు తెలియడం ఆలస్యం!”

వదిలేసిన ఎర నీటి మీద కదలకుండా పడుకుంది. కొట్టిన చేప తిరిగొచ్చి, తీరిగ్గా దాన్ని నోట్లో వేసుకుని మునిగింది. కర్ర పడవలోంచి జారబోయింది. వృథా ఖర్చు ఏనాడూ సహించని ఫే దాన్ని ఒడిసి పట్టుకుంది.

“ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా పేరు ఒక్కసారైనా అలా పిలిచావా, దొంగ సచ్చినోడా!” అని ఆఖరి ముక్కతో బలంగా గుంజింది.

చేప పడవలోకి వచ్చి పడింది. దాని పక్కన ఓటిస్ పట్టినది పిల్లచేపలా ఉంటుంది. ఫే దాన్నీ తిట్టింది.

రేవులో పర్విస్ తూకం వేశాడు. “ఎవరు లాగారు?” అన్నాడు.

డెల్మర్ నోరు తెరిచాడు. ఫే చూసింది. డెల్మర్ నోరు మూశాడు.

“నేను,” అంది ఫే.

పర్విస్ అప్పుడు ఉపాయం సంగతి అందరికీ విప్పి చెప్పాడు. పాస్టరు తన టోపీ కోసం వెతుక్కున్నాడు. ఓటిస్ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు. విల్‌హెల్మీనా గారు మాత్రం కాస్త చిన్నబుచ్చుకుంది.

“అయితే పాటల బృందంలో చేరాలని కాదా నా పేరు పిలిచింది? మంచులోంచి ఎంత గట్టిగా వినపడిందట! మాకు మగ గొంతు ఒకటి తక్కువైంది. అడుగుదామని ఈ పీకన్ ‘పై’ కూడా చేశాను.”

“నాకు పాట రాదండీ,” అన్నాడు డెల్మర్.

“రేపటి నుంచి వస్తాడు,” అంది ఫే, పళ్ళెం అందుకుంటూ.

ఇప్పుడు పర్విస్ కొట్టు గోడ మీద ఫే ఫోటో ఉంది. చర్చి గౌను, చేతిలో చేప, నోరు ఇంకా తెరిచే ఉంది. కింద ఆమె పేరు రాసి, పర్విస్ ఆనవాయితీ ప్రకారం ఏ ఎర వాడిందో అడిగాడు. ఆమె చెప్పిందే రాశాడు: “మొగుడు.”