ఇంటి నుంచే హాజరు

ఒక పెద్ద అడవిలో పిల్లల బడి ఒకటుండేది. సెలవులయ్యి బడి తెరిచే వేళకి, ఆ పక్కనే బండల సందులో ఒక చిరుతపులి దిగింది. చుట్టంచూపుగా కాదు, కాపురానికే.

పిల్లల్నెవరూ బయటికి పంపొద్దని దండోరా వేశారు. అంతవరకూ బాగానే ఉంది. అక్కడితో ఊరుకుని ఉంటే నాకీ కథ చెప్పే ఖర్మ తప్పేది.

కానీ విద్యాధికారి ఎలుగుబంటికి ఊరుకోవడం చేతకాదు. చిరుతని తరమడమూ చేతకాదు. రెండూ చేతకానివాళ్ళు ఏం చేస్తారు, మీటింగు పెడతారు. పెట్టింది.

మీటింగులో నెమలి లేచింది. దీనికి పాఠం చెప్పడం రాదు, పిల్లలంటే గిట్టదు. ఒకసారి పక్క అడవికి వెళ్ళొచ్చింది కనక సలహాదారు.

"పిల్లలు బడికి రాలేకపోతే బడే పిల్లల దగ్గరికి వెళ్ళాలి సార్. చెట్టుకో చిలుకని పెడదాం. మాస్టారు ఒకచోట పాఠం చెబితే, చిలుకలు అందుకుని అడవంతా వినిపిస్తాయి," అంది.

ఆ బడికి ఉన్న ఒక్కగానొక్క పంతులు కొండముచ్చు మాస్టారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళకి అర్థమైందో లేదో నాకెలా తెలుస్తుందండీ?"

"అర్థం సంగతి తర్వాత చూద్దాం," అంది ఎలుగుబంటి. "వింటున్నారో లేదో ముందు నాకు తెలియాలి. పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి కదా."

"దానిదేముంది సార్," అంది నెమలి. "పొద్దున్నే చిలుక పేరు పిలుస్తుంది. పిల్ల తన ఇంట్లోంచే, మీ గుహ దాకా వినబడేలా 'ఉన్నానండీ' అని అరవాలి. ఎక్కడున్నదీ గుర్తు కూడా చెప్పాలి. లేకపోతే ఒకరి బదులు ఒకరు పలికేస్తారు."

అందరూ భేష్ అన్నారు. చిరుతకి కూడా చెవులుంటాయన్న ముక్క అంతమందిలో ఒక్క బుర్రకీ తట్టలేదు. తట్టినా నోరు విప్పలేదేమో, నాకు తెలియదు. పైగా హాజరు చాలకపోతే ఫెయిలన్నారు. ఫెయిలైన పిల్లకి ఏటి ఒడ్డు పచ్చికలో మేసే హక్కు ఉండదన్నారు.

ఆ ఏడు మొదటి పాఠం ఏమిటనుకున్నారు? 'ఆపద వేళ చప్పుడు చేయకుండా ఉండుట'. నేను వేళాకోళమాడటం లేదు. చిలుకలు చెప్పాయి, పిల్లలు గొంతు చించుకుని అప్పజెప్పారు. "చప్పుడు చేయరాదు, నోరు మెదపరాదు" అంటూ అడవంతా ఒకటే హోరు.

బండ మీద పడుకుని చిరుత శ్రద్ధగా వింది. ఆ తరగతిలో మనసు పెట్టి పాఠం విన్నది అదొక్కటే.

హాజరులో అందరికన్నా ముందుండేవాడు జింకపిల్ల చుక్కన్న. "ఉన్నానండీ, మారేడు చెట్టు పక్క పొదలో" అని ఖంగుమని చెప్పేవాడు. "మావాడు ఒక్కపూట తప్పలేదు వదినా," అని వాళ్ళమ్మ పక్క బొరియలో ఉండే కుందేలు చెవులమ్మ దగ్గర మురిసిపోయేది.

ఒకరోజు చుక్కన్న అలాగే పలికాడు. కాసేపటికి పొదలో పెనుగులాట వినబడింది. మర్నాడు చిలుక పేరు పిలిస్తే తల్లి ఏడుపు తప్ప జవాబు లేదు. చిలుక గైర్హాజరు వేసుకుని తర్వాతి పేరుకి పోయింది.

ఆ పేరు బుడ్డి, చెవులమ్మ కూతురు. బుడ్డి నోరు తెరిచేలోపు చెవులమ్మ ముంగాలితో గట్టిగా మూసేసింది.

"పిలుస్తున్నారే అమ్మా," అని గుసగుసలాడింది బుడ్డి.

"పిలవనీ. నువ్వు లేవు."

"లేనంటే ఫెయిల్ చేస్తారు. పచ్చికలోకి రానివ్వరు."

"దుంపలు తవ్వి పెడతాను. పలక్కు తల్లీ," అంది చెవులమ్మ. ఫెయిలైన పిల్లని ఏం పెట్టి సాకాలో దానికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం ప్రాణాలకి తెగించి ఎలుగుబంటి గుహకి వెళ్ళింది. "అయ్యా, మన పిల్లల చేతే ఇళ్ళ గుర్తులు చెప్పించి చిరుతకి అందిస్తున్నాం. చుక్కన్నని అలాగే పట్టుకుపోయింది. ఈ హాజరు ఆపించండి."

"అమ్మానాన్నలకే చదువంటే శ్రద్ధ లేదు సార్," అంది నెమలి.

"చూడమ్మా," అంది ఎలుగుబంటి. "ఆ చుక్కన్న చెప్పాపెట్టకుండా మానేశాడు. వాళ్ళమ్మకి నోటీసు కూడా పంపాం. నీకూ పంపించాలా?"

కొండముచ్చు మాస్టారు అక్కడే ఉన్నాడు, తల దించుకుని. ఉద్యోగం చేసుకునే తల మరి, ఎత్తితే ఎలా?

రోజురోజుకీ పలికే గొంతులు తగ్గాయి. పిల్లలు గట్టిగా అరవడం లేదని ఎలుగుబంటి మండిపడింది. సాయంత్రం కూడా హాజరు పెట్టింది. చిరుతకి రాత్రి భోజనం కూడా కుదిరింది. వానలు వెనకబట్టేసరికి దానికి ఇక్కడ తినడానికేం మిగల్లేదు. ఒళ్ళు చేసిన చిరుత ఆయాసపడుతూ పక్క అడవికి నడిచింది.

బడి తెరిచారు. నెమలి నాట్యం చేసింది. "ఇంత ఆపదలోనూ మన అడవిలో ఒక్కరోజు చదువు ఆగలేదు," అని ఎలుగుబంటి ఉపన్యాసం ఇచ్చింది. ఎదురుగా పిల్లలు కూర్చునే చోట బుడ్డి ఒక్కతే కూర్చుంది.

మాస్టారు ఆ పిల్లని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళకి తల ఎత్తాడు. "నేను చెప్పిన పాఠం ఇదొక్కతే నేర్చుకుంది సార్. దీన్ని పాస్ చేయండి."

"ఇంట్లో ఉండి కూడా హాజరు పలకని పిల్లని ఎలా పాస్ చేస్తామయ్యా? పాసైన వాళ్ళ పేర్లు చదవనీ," అంది ఎలుగుబంటి.

చిలుక ఒక్కో పేరూ చదివింది, చప్పట్లు కొట్టించింది. ఉన్నన్నాళ్ళూ ఒక్కపూట తప్పలేదని మొదటి బహుమతి చుక్కన్నకే. అందుకోవడానికి ఎవరూ రాలేదు. వెనక నిలబడ్డ తల్లి జింక మాత్రం మెల్లగా అక్కణ్ణించి వెళ్ళిపోయింది. సభా మర్యాద తెలియదని దాని మీద ఇంకో నోటీసు రాశారు.

బుడ్డిని పచ్చికలోకి రానివ్వొద్దని కాపలా పెట్టారు. మేసే పిల్లలు లేక అక్కడ గడ్డి ఏపుగా పెరిగి ఎండిపోతోంది. చెవులమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని, దుంపలు దొరుకుతాయేమోనని గుట్టవైపు నడిచింది.

ఇందులో నీతి: చదువు ఒక్కరోజు కూడా ఆగకూడదనుకుంటే, ముందు పిల్లల బెడద వదిలించుకోవాలి.