ఇరవై గంటల ధూపం

యంత్రం మనిషి మాట వింటుందా, దేవుడి మాట వింటుందా అన్న అనుమానం ఎల్లారావుని పదేళ్లుగా వదల్లేదు. ఎందుకైనా మంచిదని ఇద్దరినీ నమ్ముకున్నాడు. చేతిలో రెంచి, జేబులో కుంకుమ పొట్లం.

1979లో అతను విశాఖ రేవు దగ్గర, ఇనుప ఖనిజాన్ని ఓడల్లోకి పంపే ఒక యార్డులో ఫోర్‌మన్. ఆ శుక్రవారం ఉదయం అనుకున్నది చిన్న పనే. ఖనిజాన్ని మోసే కొత్త బెల్టుకి ఇంత సాంబ్రాణి ధూపం వేసి, ఓడకి సరుకు ఎక్కించడం మొదలుపెట్టి, పొద్దు వాలేలోగా ఇంటికి చేరడం.

ఆ బెల్టు పంపినది కరెంటు మోటార్లతో మొదలై నలభై దేశాలకు పాకిన విదేశీ కంపెనీ. బెల్టు పక్కన ఒక గాజు కన్ను పెట్టారు. రాళ్లు పేరుకుని ఎదుటి దీపం వెలుతురు దానికి అందకపోతే బెల్టు తనంతట తానే ఆగిపోతుంది. ఎంత దుమ్ము లేచినా, ఎంత పొగ కమ్మినా ఆ కన్ను మోసపోదని కంపెనీ వాళ్లు పుస్తకంలో అచ్చు వేసుకున్నారు.

ఎల్లారావు ఆ కన్నుకి బొట్టు పెట్టలేదు, చూపుకి అడ్డం వస్తుందని. ధూపం కుండ మాత్రం సరిగ్గా దాని కిందే పెట్టాడు. మూడు నిమిషాల్లో బెల్టు ఆగిపోయింది.

రాళ్లేమీ అడ్డం లేవు. ఫ్యూజులు బాగానే ఉన్నాయి. అతని కింద పనిచేసే అబ్బులు వచ్చి పొగ వంక చూశాడు.

"అమ్మోరికి ధూపం సాల్లేదు, బావా."

ఇంకో గుప్పెడు వేశారు. బెల్టు కదల్లేదు. మేనేజరు శ్రీరామ్మూర్తి వచ్చి, ఓడ ఆగితే రోజుకి ఎంత నష్టమో చెప్పి, ఇది ఎవరి చేతి చలవో తేలితే వాడి ఉద్యోగం ఊడినట్టేనని బెదిరించి వెళ్లిపోయాడు. బొంబాయి నుంచి కంపెనీ ఇంజనీరు విమానంలో దిగేదాకా ధూపం ఆరకూడదని ఎల్లారావు నిశ్చయించుకున్నాడు. వంతులు వేసుకుని మరీ కాపలా కాశారు.

మర్నాడు ఆ ఇంజనీరు దొర వచ్చాడు. రెండుసార్లు తుమ్మాడు. కుండని పక్కకి తన్ని, జేబురుమాలతో గాజు తుడిచాడు. బెల్టు గలగలమని నడిచింది.

ఎల్లారావు ముందుకొచ్చాడు. "నానే, బాబూ. ఇరవై గంటలు ధూపం ఎట్టినాను. తీసీండి ఉజ్జోగం."

శ్రీరామ్మూర్తి ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. దొర ముఖం పాలిపోయింది. నలభై దేశాల్లో అవే కళ్లు. పొగ కమ్మితే అవన్నీ మోసపోతాయన్నమాట. ఆయన మేనేజరుని పక్కకి పిలిచి చాలాసేపు బతిమాలాడు. శ్రీరామ్మూర్తి తిరిగొచ్చాడు.

"నువ్వు తప్పేం చెయ్యలేదటయ్యా ఎల్లారావూ. పరీక్ష చేశావట."

"ఏటి పరీచ్చ, బాబూ?"

"నాకూ ఇప్పుడే తెలిసింది. ఎవరడిగినా అదే చెప్పు."

నాలుగేళ్లకి ఆ కంపెనీ తన చరిత్ర అచ్చు వేసింది. అందులో ఒక వాక్యం: విశాఖపట్నంలో పకడ్బందీగా జరిపిన ఇరవై గంటల పొగ పరీక్ష ఫలితంగా గాజు కన్నుకి మూత అమర్చబడింది.

శ్రీరామ్మూర్తి అది చదివి వినిపించిన వారమే, ఇక తన ఉద్యోగం ఊడదని నమ్మకం కుదిరి, ఎల్లారావు సింహాచలం వెళ్లి, ఉద్యోగం వస్తే ఇస్తానని ఎప్పుడో మొక్కుకున్న తలనీలాలు స్వామికి చెల్లించాడు. ధూపం జోలికి మాత్రం పోలేదు.