పాత టైమరుకు సపోర్టు కొనసాగింపు

విజయనగరంలోని ఒక కార్యాలయంలో అప్పలసూరి సర్వరు పెట్టె లోపల టైమరుగా చేరి ముప్పై ఒక్కేళ్లయింది. పెట్టె గోడ మీద సెకనుకు వెయ్యిసార్లు తట్టడం అతని పని. ఆ తట్టును బట్టే ఆపరేటింగ్ సిస్టం ఏ పని ఎప్పుడు చెయ్యాలో తెలుసుకునేది. మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలన్న మాటే గాని ఉద్యోగం పర్మనెంటు.

తొమ్మిదేళ్ల కిందట కొత్త టైమరు వచ్చింది. అది మనిషి కాదు, గోరంత చిప్పు. అప్పలసూరి ఒకసారి తట్టేలోగా అది లక్షలసార్లు తడుతుంది. అయితే తన వేగమెంతో దానికే తెలియదు. అందరికీ శకునం చెప్పే బల్లి సంగతే. అందుకని రోజూ ఉదయం పదింటికి మిషను ఆన్ చెయ్యగానే సిస్టం అప్పలసూరిని ఉన్నావా అని అడిగేది. ఉన్నానని చెప్పి అతను యాభైసార్లు తట్టేవాడు. కొత్తది దాన్ని బట్టి తన వేగం సరిచూసుకునేది. అంతటితో అతని డ్యూటీ అయిపోయేది. మర్నాటి దాకా పలకరించే దిక్కు లేదు. పాపం, ఎవరికైనా దిగులేస్తుంది.

జూన్‌లో హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. పాత టైమర్లకు సపోర్టు తీసేస్తే సిస్టంలో మూడు వందల పన్నెండు లైన్ల కోడు తగ్గుతుందట. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపాలట. సిస్టం చూసుకునే నిరుపమ రూలు ప్రకారం పెట్టె మూత తెరిచి అతనికది చదివి వినిపించింది.

"తీసెయ్యకండమ్మా. పొద్దున్న ఒక్కపాలి ఉన్నావా అని అడుగుతాది కదా. దానికోసమే రోజంతా కూకుంటన్నాను" అన్నాడు అప్పలసూరి.

నిరుపమ మనసు కరిగింది. కొత్తది మొరాయిస్తే ఆదుకోవడానికి పాతది ఉండి తీరాలని పద్నాలుగు పేజీల అభ్యంతరం రాసింది. పైవాళ్లు ఒప్పుకోరేమోనని చివర్లో తనే ఒక మాట చేర్చింది. మిషను ఇక ఎప్పటికీ ఆపకుండా ఉంచితే రోజూ సరిచూసుకునే సమయం కూడా ఆదా అవుతుందని. ఆ మాట పైవాళ్లకు నచ్చింది. ఆమోదంతో పాటు, కరెంటు పోయినా మిషను ఆగకుండా పెద్ద బ్యాటరీలు కూడా పంపారు.

ఆమె మూత తెరిచి శుభవార్త చెప్పింది. "మిమ్మల్నింక ఎప్పటికీ తియ్యరు సూరిగారూ."

"మరి పొద్దున్న అడుగుతాదా?"

"అవసరం లేదండీ. మీరున్నారని రాసేసుకున్నాం."

అతను మంచిదేనమ్మా అన్నాడు. ఆమె మూత పెట్టి స్క్రూలు బిగించింది.

ఆ సాయంత్రం బస్సులో, ఏళ్ల తరబడి వాడని నంబర్లు నాలుగు వందలున్నాయి, తీసెయ్యమంటారా అని ఆమె ఫోను అడిగింది. నిరుపమ వద్దని నొక్కింది. వాళ్లలో ఒక్కరికైనా ఫోను చెయ్యాలని ఆమెకు అనిపించలేదు. తను ఎవరినీ వదులుకునే మనిషి కాదనుకుంటూ తృప్తిగా ఇల్లు చేరింది.